మధ్య గడి

మార్చి 6, 2006, సోమవారం

జ్యూరీకి నన్ను తీసుకున్నారు. నాలాంటి నోటిదురుసు మనిషిని ఎవరు తీసుకుంటారులే, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాననుకుని క్యాబేజీ కూడా తరిగిపెట్టి వెళ్ళాను. తీర్పు చెప్పే పన్నెండు మందిలో నాకు ఏడో కుర్చీ ఇచ్చారు.

హత్య కేసు. పోయింది బీరు కొట్టు యాన్సీ గారు. మా ఆయన లెన్ కోసం ఆ కొట్లో ఎన్నిసార్లు బీరు డబ్బాలు కొన్నానో! ఆ మాటే జడ్జికి చెప్పాను. "ఈ ఊళ్ళో ఆ కొట్టుకి వెళ్ళనివాళ్ళు ఎవరున్నారమ్మా?" అన్నాడాయన. అందరం నవ్వాం. యాన్సీ గారి భార్య ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు. నాకు సిగ్గేసింది.

ప్రాసిక్యూటరు నన్ను ఏం పని చేసేదానివని అడిగాడు. గాజు ఫ్యాక్టరీలో ప్యాకింగు, మూతపడేదాకా. యూనియన్ తరఫున యాజమాన్యంతో బేరాలాడే కమిటీలో కూడా ఉన్నానని చెప్పాను. "అయితే రెండు పక్షాల మాటా వినడం మీకు అలవాటే" అన్నాడు. అలవాటేనన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు, కట్టుకున్నవాడితో కూడా. పేపరు చదవకూడదు. టీవీలో వార్తలు చూడకూడదు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే లెన్ పగలబడి నవ్వాడు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే! నువ్వా, హత్య కేసు దాచిపెట్టేది? పందెం, మూడు రోజులు ఆగు, నువ్వే నా వెంటపడి చెప్తావ్."

చెప్పను. ఇక్కడ రాసుకుంటాను. పుస్తకంతో మాట్లాడొద్దని జడ్జి చెప్పలేదు.

మార్చి 7

కుర్రాడి పేరు జారెడ్ ప్లెచర్. ఇరవై ఏళ్ళవాడు. ఎవరిదో చొక్కా వేసుకొచ్చాడు, మెడ దగ్గర నా పిడికిలి పట్టేంత వదులు. పిన్ని కొడుకు డ్వేన్ ఫిస్క్‌ని కారులో బీరు కొట్టుకి తీసుకెళ్ళాడు. డ్వేన్ లోపలికెళ్ళాడు, గల్లా మీద పడ్డాడు, యాన్సీ గారిని కాల్చాడు. ఇతను బయట కారులో ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. ఇందులో ఎవరికీ తగాదా లేదు. ఇద్దరు లాయర్లూ ఒప్పుకున్నారు.

మరి కాల్చనివాడిని పట్టుకుని హత్య అంటారేమిటి అని నాకు అర్థం కాలేదు. దొంగతనానికి కలిసి వెళ్ళినవాడు దాంట్లో పోయిన ప్రాణానికి కూడా బాధ్యుడే అంటాడు ప్రాసిక్యూటరు. అంతటితో ఆగడు. వీళ్ళిద్దరూ ముందే చంపాలనుకుని వెళ్ళారంటాడు. అది మొదటి తరగతి హత్య అంటాడు. వేలు కుర్రాడి వైపు పెట్టి చూపించి మరీ అంటాడు.

మార్చి 8

ఫొటోలు చూపించారు. ఇవాళ రాయను.

మార్చి 9

ఇవాళ కాల్చినవాడే వచ్చి సాక్ష్యం చెప్పాడు! చూస్తూ నోరు తెరిచేశాను.

డ్వేన్ ఫిస్క్ మనిషి దిట్టంగా ఉన్నాడు. జారెడ్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ప్రాసిక్యూటరుతో ఒప్పందం చేసుకున్నాడట. హత్య తానే చేశానని ఒప్పుకుని, జారెడ్ మీద సాక్ష్యం చెప్తే, అన్నిటికన్నా తేలికైన మూడో తరగతి హత్య కింద లెక్కకడతామన్నారట. "తుపాకీ సంగతి జారెడ్‌కి తెలుసు. ముసలోడు ఎదురుతిరిగితే ఏసెయ్యమని వాడే అన్నాడు" అని గడగడా అప్పజెప్పాడు.

కుర్రాడి లాయరు మిస్ గ్రోవ్ చిన్న మనిషి, గొంతు మాత్రం పెద్దది. లేచి నిలబడింది.

"ఈ మాట చెప్పినందుకు నీకేం దక్కింది?"

"మూడో తరగతి."

"అంటే ఎన్నేళ్ళు?"

ప్రాసిక్యూటరు లేచి అభ్యంతరమన్నాడు. జడ్జి వెంటనే ఆపేశాడు. శిక్షల సంగతి జ్యూరీ వినకూడదట. మిస్ గ్రోవ్ ఏదో అనబోయి కూర్చుంది. ఎన్నేళ్ళో మాకు తెలియలేదు. ఎంతైనా ఉండనీ, కాల్చినవాడికి లంచం ఇచ్చి కారు తోలినవాడి మీదికి ఉసిగొల్పడం నాకు ససేమిరా నచ్చలేదు.

మార్చి 10, శుక్రవారం

ఈస్టరు ముందు లెంటు ఉపవాసాల రోజులు కదా, చర్చి కింది గదిలో కజ్జికాయల్లాంటి పిరోగీలు ఒత్తడానికి వెళ్ళాను. నేను అడుగుపెట్టగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు.

"ఏమే వెర్నా, ఏం చేస్తున్నారే వాడిని?" అంది బెర్నీస్, పిండి చేతులతోనే.

"ఎవర్ని?"

"అబ్బో, ఎవర్నట! ఊరంతా టీవీలో చూస్తోంది, నీకొక్కదానికే తెలీదు!"

"నేను టీవీ చూడట్లేదు."

"నీ మొహం చూస్తే చాలులే, వదిలేసేట్టున్నావు."

ఒక్క ముక్క చెప్పలేదు. నాలుక దురద పెట్టింది గానీ ఓర్చుకున్నాను. లెన్ పందెం ఓడిపోయాడు.

మార్చి 13

జారెడ్ బోనెక్కాడు.

డబ్బు లాక్కోవడానికే వెళ్తున్నారని తనకు తెలుసట. తుపాకీ ఉందని తెలియదట. "చప్పుడు వినగానే ఏం చేశావు?" అని ప్రాసిక్యూటరు అడిగాడు. "భయమేసిందండీ. కదల్లేకపోయాను." "కదల్లేనివాడివి కారెలా తోలావు?" కుర్రాడు తల వంచుకున్నాడు. నాకు కోపం వచ్చింది వాడి మీద. ఒక మనిషి నేల మీద పడి ఉంటే కారు తోలుకుపోయాడు కదా! అంబులెన్సుకి ఫోనైనా చెయ్యలేదు. యాన్సీ గారు చాలాసేపు బతికే ఉన్నారని డాక్టరు చెప్పాడు.

వాడి తల్లి వెనక వరసలో కూర్చుంటుంది. వృద్ధాశ్రమంలో పని చేస్తుంది కాబోలు, అక్కడి నీలం యూనిఫారంతోనే వస్తుంది. పేరు రోండా అని ఎవరో పిలవగా విన్నాను. ఆమె వైపు చూడకూడదనుకుంటాను. చూస్తాను.

మార్చి 14

కేసు మా చేతికి వచ్చింది.

జడ్జి చట్టం చదివి వినిపించాడు. చదివాడు, చదివాడు, నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. అర్థమైనంతవరకు ఇదీ: చంపాలనే ఉద్దేశంతో చంపితే మొదటి తరగతి. దోపిడీ చేస్తుండగా ప్రాణం పోతే రెండో తరగతి. ఆ రెండూ కాకుండా, మనసులో కసాయితనంతో చేసినదైతే మూడో తరగతి. తీర్పు కాగితం మీద మూడు గడులు, పక్కనే నిర్దోషి. శిక్ష సంగతి మీది కాదు, నాది, దాన్ని మనసులోకి రానివ్వకండి అన్నాడు.

మనసుకి తలుపులుంటాయా?

గదిలో పొడుగు బల్ల, మాడిపోయిన కాఫీ. ముందు పెద్దని ఎన్నుకోమన్నారు. ఆర్విల్ టీగ్ అనే ఆయన, బడి ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరయ్యాడు, "నేను ఇదివరకోసారి హత్య కేసులో కూర్చున్నాను" అన్నాడు. అంతే, ఇంకెవరినీ అడగలేదు.

తర్వాత మొదలైంది రచ్చ. లారీ నడిపే వెండెల్ బల్ల మీద చెయ్యేసి కొట్టాడు.

"కారు తోలాడా? తోలాడు. ముసలాయన పోయాడా? పోయాడు. మొదటి గడి కొట్టేసి ఇళ్ళకి పోదాం పదండి."

"చంపాలని వాడనుకున్నాడని ఎవరు చెప్పారు? ఆ డ్వేనేగా!" అంది కోరీన్. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, మా అందరిలోకీ చిన్నది. "వాడు తన మెడ తప్పించుకోడానికి ఏమైనా అంటాడు."

"ఆ కుర్రాడూ ఏమైనా అంటాడు. నీకు ముద్దొస్తున్నాడేమో గానీ..."

"నోరు అదుపులో పెట్టుకో వెండెల్" అన్నాను నేను.

తీర్పుకి పన్నెండు మందీ ఒప్పుకోవాలి. చీటీలు వేస్తే మొదటి తరగతికి అయిదు, మూడో తరగతికి నాలుగు. మిగతా మేం ముగ్గురం గోడ మీది పిల్లులం. సాయంత్రానికి కోరీన్ ఏడ్చింది. ఒకాయన నాకు షుగరుంది, అన్నం వేళ దాటిపోతోందని అరిచాడు. టీగ్ మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అందరి మాటలూ వింటూ కూర్చున్నాడు.

మార్చి 15

అయిపోయింది. అయిపోగొట్టింది నేనే. మనసు ఎంత తేలిగ్గా ఉందో!

పొద్దున కాఫీ తాగుతుంటే దారి కనపడింది. ఇన్నేళ్ళు ఫ్యాక్టరీలో చేసిన పని ఇదే కదా! యాజమాన్యం ఒక మాటంటుంది, మనం ఒక మాటంటాం. కాసేపు బల్లలు గుద్దుకుంటాం. ఎవరూ సమ్మె కోరుకోరు, ఎవరూ గేటుకి తాళం కోరుకోరు. చివరికి మధ్యలో చేతులు కలుపుతాం. పాము చావకుండా, కర్ర విరగకుండా.

గదిలోకి వెళ్ళగానే చెప్పాను. "వెండెల్, నీది మొదటిది. కోరీన్, నీది మూడోది. మధ్యలో ఒకటుంది, దాన్ని ఎవరూ చూడట్లేదేం?"

"రెండోదంటే ఎన్నేళ్ళు పడుతుంది?" అన్నాడు వెండెల్.

"మొదటిదంటే జీవితఖైదు, అది చిన్నపిల్లలకైనా తెలుసు. మూడోది నాలుగైదేళ్ళు ఉంటుందేమో. డ్వేన్‌కి లంచంగా ఇచ్చింది అదే కదా! లంచమిచ్చారంటే అది మరీ తక్కువై ఉండాలి. ఆ బహుమానం వీడికి కూడా ఇస్తామా? యాన్సీ గారి భార్య మొహం ఎలా చూస్తాం? రెండోదంటే మధ్యలో. పదిహేనో, ఇరవయ్యో."

"ఖాయమేనా వెర్నా గారూ?" అంది కోరీన్.

"ఫ్యాక్టరీలో గ్లాసులు మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని విడదీసేవాళ్ళం. మూడూ ఒకే ధరకి అమ్మామా ఎప్పుడైనా?"

అందరూ నవ్వారు. ఆ గదిలో మొదటిసారి నవ్వు వినపడింది. మా ఊరివాళ్ళలో సగం మంది ఏదో ఒక యూనియన్‌లో పనిచేసినవాళ్ళే, బేరం భాష చెప్పకుండానే అర్థమవుతుంది. అయినా కోరీన్ పట్టుబట్టింది, జడ్జినే అడుగుదామని. చీటీ రాసి పంపాం, రెండో తరగతికి శిక్ష ఎంత అని. ఆయన మమ్మల్ని మళ్ళీ కోర్టులోకి పిలిపించి, శిక్ష మీ పరిధిలోది కాదని చెప్పి పంపించేశాడు. గట్టిగా కాదు, మెత్తగానే చెప్పాడు. నన్ను చూసే చెప్పినట్టనిపించింది. మంచి మనిషి. ఎంత వెయ్యాలో ఆయన చూసుకుంటాడు.

టీగ్ గారిని అడిగాను. "మీకు అనుభవముంది. మీరేమంటారు?"

"దోపిడీ జరిగింది, అందులో ప్రాణం పోయింది. చట్టం ప్రకారం చూస్తే రెండోదే సరిపోతుందమ్మా" అన్నాడు.

వెండెల్ ముందు లొంగాడు. కోరీన్ ఆఖర్న చెయ్యెత్తింది, ఎత్తి నా వైపే చూసింది. నేను తల ఊపాను.

టీగ్ చదివాడు. మొదటి తరగతి, నిర్దోషి. కుర్రాడు కళ్ళు మూసుకున్నాడు. రెండో తరగతి, దోషి. అప్పుడు వెనక వరసలోంచి ఆ తల్లి కేక వినపడింది. అలాంటి కేక నేనెప్పుడూ వినలేదు. కుర్చీలోంచి జారి కింద పడింది. ఇద్దరు పోలీసులు ఆమెని బయటికి మోసుకెళ్ళారు. మిస్ గ్రోవ్ కుర్రాడి వీపు మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

జడ్జి ఒక్కొక్కరినీ అడిగాడు, ఇది మీ తీర్పేనా అని. నా వంతు వచ్చింది. అవునన్నాను.

ఆమె అంతలా ఏడవడం నాకు అర్థం కాలేదు. కొంచెం కష్టంగా కూడా అనిపించింది. రెండు రోజులు కొట్లాడి మొదటి తరగతి తప్పించామే! ఆ ముక్క ఆమెకెవరైనా చెప్తే బాగుండును. కన్నకడుపు, ఏ శిక్షయినా ఎక్కువేలే అనుకున్నాను. దార్లో చేపలు కొన్నాను. లెన్‌కి అంతా చెప్పేశాను, ఇప్పుడు చెప్పొచ్చు కదా. "బాగా చేశావే" అన్నాడు.

మార్చి 16

పేపరు లెన్ చదివాడు. వంటగదిలో నిలబడి పైకే చదివాడు, నాకోసం, సంబరంగా. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఇందులో తప్పుపడిందేమో."

"ఏం పడిందో చదువు."

చదవలేదు. నేనే లాక్కున్నాను. ఈ రాష్ట్రంలో రెండో తరగతి హత్యకి ఒకటే శిక్ష. జీవితఖైదు. పెరోల్ లేదు. జడ్జికి తగ్గించే అధికారం లేదు. మొదటి తరగతికీ ఇదే. రెండింటికీ ఒకటే.

రెండింటికీ ఒకటే.

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో తెలియదు. రెండో చేతిలోని గాజు పళ్ళెం జారి పగిలింది. లెన్ గాజు ముక్కలు ఏరుతూ ఏదేదో అంటున్నాడు, నాకు వినపడలేదు. ఆ తల్లి ఎందుకు కేక పెట్టిందో అప్పుడర్థమైంది. ఆమెకి తెలుసు. లాయర్లకి తెలుసు. జడ్జికి తెలుసు. ఆ కోర్టు గదిలో తెలియనిది ఎవరికయ్యా అంటే ఆ గడి నింపిన మాకు.

మార్చి 17

లెన్ మేనల్లుడు జైలు కాపలా ఉద్యోగం చేస్తాడు. అతనికి ఫోన్ చేశాం. జీవితఖైదంటే ఎక్కడైనా పదిహేనేళ్ళో పాతికేళ్ళో అయ్యాక వదిలేస్తారు కదా, పేపరువాళ్ళు సరిగ్గా రాయరు అన్నాను.

"ఇక్కడ అలా లేదత్తా. జీవితమంటే జీవితమే. నడిచి లోపలికొస్తారు, పెట్టెలో బయటికెళ్తారు."

చర్చికి వెళ్ళలేదు. ఒంట్లో బాగా లేదని చెప్పించాను.

మార్చి 18

వాడికి ఇరవై ఏళ్ళు.

మార్చి 20

టీగ్ గారింటికి వెళ్ళాను. వాకిట్లో మంచు తోస్తున్నాడు. నన్ను చూసి పార పక్కన పెట్టాడు. ఆయనకి చెప్పి, ఇద్దరం కలిసి జడ్జి దగ్గరికి పోదామని వెళ్ళాను.

"టీగ్ గారూ, పేపరు చూశారా? మొదటిదానికీ రెండోదానికీ శిక్ష ఒకటేనట!"

"అవునమ్మా."

ఆ "అవును"లో ఆశ్చర్యం లేదు.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"పోయినసారి జ్యూరీలో కూర్చున్నప్పట్నించి. అప్పుడు మేమూ మీలాగే మధ్య గడి కొట్టాం. మర్నాడు నేనూ పేపర్లోనే చదివాను."

"తెలిసి కూడా నోరు మెదపలేదా? మీ ఎదురుగానే కదయ్యా, గ్లాసులనీ ధరలనీ వాగాను! నవ్వారు కూడా!"

"నేను నవ్వలేదు" అన్నాడు. నిజమే, ఆయన నవ్వినట్టు గుర్తులేదు. "శిక్ష మాట తలవనని చెయ్యెత్తి ప్రమాణం చేశాను. మీరూ చేశారు. మీరు మాట తప్పారు, నేను తప్పలేదు. ఆ కుర్రాడు చేసింది రెండోదేనమ్మా, అక్షరాలా. నేను చెప్పుంటే అందరూ మూడోది కొట్టేవాళ్ళు. అది జాలి అవుతుంది. చట్టం కాదు."

"మరి మీకు నిద్ర పడుతోందా?"

"పోయినసారి నుంచి పట్టడం లేదు" అని పార తీసుకున్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. కారు గారేజీలోనే ఉంది కాబట్టి నేనే తోలుకొచ్చి ఉంటాను.

మార్చి 28

మిస్ గ్రోవ్ ఆఫీసుకి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను, రాసిస్తానన్నాను, ఏ పుస్తకం మీద చెయ్యి పెట్టమంటే దాని మీద పెట్టి ప్రమాణం చేస్తానన్నాను. ఆమె కలం ముట్టుకోలేదు.

"జ్యూరీ గదిలో ఏం మాట్లాడుకున్నారో కోర్టు వినదండీ. ఎవరైనా మీకు డబ్బిచ్చారంటే వింటుంది, బెదిరించారంటే వింటుంది. పొరపాటు పడ్డామంటే వినదు."

"పన్నెండు మందిమీ వచ్చి చెప్పినా?"

"పన్నెండు మందీ వచ్చి చెప్పినా."

"అయితే ఎందుకండీ మమ్మల్ని కూర్చోబెట్టడం?" అని అరిచాను. పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. ఆమె మంచినీళ్ళు తెప్పించింది. ఆమె కూడా అలిసిపోయినట్టుంది. అప్పీలు చేస్తానంది, ఆశ పెట్టుకోవద్దంది.

కోరీన్‌కి ఫోన్ చేశాను. తీసింది. నా గొంతు విని పెట్టేసింది.

ఏప్రిల్ 9

ఆలోచించగా, నా తప్పేముంది? అడిగాం కదా, చీటీ రాసి మరీ అడిగాం. చెప్పనన్నాడు. మొదటి తరగతి పెట్టమని ప్రాసిక్యూటరుకి నేను చెప్పానా? కాల్చినవాడితో బేరం నేను కుదుర్చుకున్నానా? ఆ కుర్రాడు మాత్రం తక్కువవాడా, మనిషిని నెత్తుటిలో వదిలేసి కారు తోలుకుపోయాడు. చట్టం చేసింది నేను కాదు.

ఇవాళ చర్చి బయట యాన్సీ గారి భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. "మా ఆయన ప్రాణానికి విలువ కట్టావు తల్లీ" అంది. మంచిదే చేశాను కదా. మంచిదే.

ఏప్రిల్ 10

నిన్న రాసింది చదివాను. ఛీ.

ఏప్రిల్ 25

శిక్ష ఇవాళ. వెళ్ళొద్దని లెన్ బతిమాలాడు. వెళ్ళాను. జ్యూరీ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, నేను జనంలో కూర్చున్నాను.

జడ్జి మొహం పాలిపోయి ఉంది. "ఇందులో నా ఇష్టానికి తావు లేదు. జ్యూరీ తేల్చింది, చట్టం అంకె వేసింది. నేను చదవడమే" అన్నాడు. చదివాడు. జారెడ్ యాన్సీ గారి భార్య వైపు తిరిగి క్షమించమన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత గొలుసుల చప్పుడు. ఇంతే. మా ఫ్యాక్టరీలో మనిషిని పనిలోంచి తీసెయ్యడానికి ఇంతకన్నా ఎక్కువసేపు పట్టేది.

వసారాలోకి వచ్చేసరికి రోండా ప్లెచర్ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తప్పించుకుని మెట్ల వైపు పోబోయాను. ఆమే పిలిచింది.

"మీరు జ్యూరీలో ఉన్నారు కదూ. ఏడో కుర్చీ."

"అవునమ్మా."

కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"లాయరమ్మ చెప్పింది, మీరు వాడికోసం వచ్చారని. ఒక్కటి అడుగుతాను. ఆ కాగితం మీద మూడో గడి కూడా ఉంది కదా?"

"ఉంది."

"మీరంతా చూశారా దాన్ని?"

"చూశాం."

"చూసి ఎందుకు వదిలేశారు?"

"మరీ తక్కువ అనుకున్నామమ్మా."

"తక్కువంటే?"

"నాలుగైదేళ్ళు."

ఆమె నన్ను అలాగే చూసింది. అర్థం కానట్టు చూసింది.

"పోయిన వారం డ్వేన్‌కి శిక్ష వేశారండీ, అదే మూడోదానికి. ఇరవై నుంచి నలభై ఏళ్ళు. నలభై! అది తక్కువా? నలభై ఏళ్ళకైనా నా కొడుకు బయటికొచ్చేవాడు. నేనుండేదాన్ని కాదు. వాడు మాత్రం వచ్చేవాడు."

జనం మమ్మల్ని దాటుకుని పోతున్నారు. ఆమెకి పనివేళ అవుతోందేమో, సంచి భుజానికి తగిలించుకుంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"నాలుగైదేళ్ళని మీకెవరు చెప్పారు?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదని, నేనే అందరికీ చెప్పానని అన్నాను.